ఫ్యూచర్ రిటైల్ షేర్లు: చిన్న వాటాదారు ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నేను గుంటూరులో ఉంటున్న విశ్రాంత అధ్యాపకుణ్ని. హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడల్లా బిగ్ బజార్‌లో నెల సరుకులు కొనేవాళ్లం. బిల్లు కౌంటర్ల దగ్గర ఎప్పుడూ జనమే. ఇంత వ్యాపారం జరిగే కంపెనీకి ఢోకా ఉండదని 2019లో ఫ్యూచర్ రిటైల్ షేర్లు 300, ఒక్కొక్కటి 400 రూపాయల దగ్గర కొన్నాను. 2020లో రిలయన్స్ కొంటోందని వార్త రాగానే 150 దగ్గర మరో 500 కొన్నాను. 2022లో సగటు ధర తగ్గుతుందని 30 దగ్గర ఇంకో 1,500 కొన్నాను. మొత్తం 2,40,000 రూపాయలు. ఇప్పుడు కంపెనీ లిక్విడేషన్‌లో ఉంది. షేర్లు డీమ్యాట్ ఖాతాలో కనిపిస్తున్నాయి గానీ అమ్మే వీలు లేదు. దుకాణాలేమో వేరే పేరుతో నడుస్తూనే ఉన్నాయి. మాకు ఏమైనా వస్తుందా? చిన్న వాటాదారుల తరఫున కేసు వేస్తామని ఒక వాట్సాప్ గ్రూపువారు తలా 5,000 రూపాయలు అడుగుతున్నారు, కట్టమంటారా? ధర బాగా పడిపోయిన మరో దుకాణాల కంపెనీ షేరు కొని ఈ నష్టం పూడ్చుకొమ్మని మిత్రుడొకరు చెబుతున్నారు. ఈ సంగతి ఏదీ మా ఇంట్లో ఆవిడకు తెలియదు.

సమాధానం:

అయ్యా, మీ మొదటి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలిన నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ షేర్ల మీద మీకు ఒక్క రూపాయి కూడా రాదనుకొని మీ లెక్కలు వేసుకోవాలి. ఇది మీ మనసు కష్టపెట్టే మాటే. అయినా ఇందులో అనుమానానికి చోటుందని చెబితే, ఆ అనుమానం మీ చేత మరికొంత డబ్బు ఖర్చు పెట్టిస్తుందని నా భయం.

ఎందుకు రాదో వివరంగా చెప్పవలసి ఉంది. కంపెనీ మీద దివాలా ప్రక్రియ చేపట్టాలని బ్యాంక్ ఆఫ్ ఇండియా వేసిన పిటిషన్‌ను జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ ముంబయి ధర్మాసనం 2022 జులైలో స్వీకరించింది. అప్పులిచ్చినవారి క్లెయిములు 19 వేల కోట్ల రూపాయలకు పైగా తేలగా, కంపెనీ మొత్తాన్ని తీసుకుంటామని చివరి దాకా నిలిచిన స్పేస్ మంత్ర అనే సంస్థ ఇస్తానన్నది సుమారు 550 కోట్లు. రుణదాతల కమిటీలో దానికి కావలసిన ఓట్లు రాలేదు. వేరే దారి లేకపోవడంతో 2024 జులైలో ట్రైబ్యునల్ లిక్విడేషన్‌కు ఉత్తర్వులిచ్చింది, అంటే మిగిలిన ఆస్తులను అమ్మి వచ్చిన సొమ్మును పంచడం తప్ప ఇక చేయడానికి ఏమీ లేదని తేల్చింది.

ఆ పంపకం ఎవరి ఇష్టం మీదా జరగదు. 2016 నాటి దివాలా స్మృతిలోని 53వ సెక్షన్ వరుసను నిర్ణయించింది. మొదట దివాలా ప్రక్రియకూ లిక్విడేషన్‌కూ అయిన ఖర్చులు పూర్తిగా చెల్లించాలి. ఆ తరువాత కార్మికులకు 24 నెలల బకాయిలూ, తాకట్టు హక్కును వదులుకొని పంపకంలో చేరిన రుణదాతల బాకీలూ సమాన హోదాలో వస్తాయి. వారి వెనుక ఇతర ఉద్యోగుల 12 నెలల జీతాలు, ఆ వెనుక తాకట్టు లేకుండా అప్పిచ్చినవారు, వారి వెనుక ప్రభుత్వ బకాయిలు, ఆపైన సరుకు పంపినవారు, అద్దె రావలసిన భవన యజమానులు వంటి మిగతా బాకీదార్లు, ఆ తరువాత ప్రిఫరెన్స్ షేర్లవారు, అంటే మామూలు వాటాదారులకంటే ముందు చెల్లింపు పొందే హక్కున్న షేర్లవారు. వీరందరికీ పూర్తిగా తీరిన తరువాత ఇంకా మిగిలితేనే మామూలు వాటాదారుల వంతు. 19 వేల కోట్ల బాకీలు ముందు నిలిచి ఉండగా, ఎవరూ 550 కోట్లకు మించి వెల కట్టని కంపెనీలో ఆ చివరి వరస దాకా సొమ్ము చేరడం జరిగే పని కాదు.

ఇది చిన్నవాళ్లకు జరిగిన అన్యాయమని మీకు అనిపించవచ్చు. కానీ షేరు కొనడమంటే కంపెనీకి అప్పివ్వడం కాదు, దానికి యజమాని కావడం. లాభం ఎంత వచ్చినా యజమానిదే, అప్పిచ్చినవాడికి వడ్డీకి మించి దక్కదు. అందుకు బదులుగా నష్టం వచ్చినప్పుడు అందరికంటే ముందు యజమాని సొమ్ము హరిస్తుంది. ఈ సూత్రం పెద్దవాళ్లకూ వర్తిస్తుంది. బ్రిటన్‌లో రెండు శతాబ్దాల చరిత్ర ఉన్న డెబెన్‌హమ్స్ అనే దుకాణాల సంస్థ 2019 ఏప్రిల్‌లో రుణదాతల చేతికి వెళ్లినప్పుడు, అందులో దాదాపు 30 శాతం వాటా ఉన్న స్పోర్ట్స్ డైరెక్ట్ అధిపతి మైక్ ఆష్లీ, దాన్ని ఎలాగైనా దక్కించుకోవాలని చివరి గంట దాకా ప్రయత్నించినా, ఆ వాటా విలువ ఒక్కరోజులో సున్నా అయింది. మరునాడు ఆ దుకాణాలు యథాప్రకారం తెరుచుకున్నాయి, కొనేవాళ్లు కొన్నారు, అమ్మేవాళ్లు అమ్మారు. పాత షేర్లకు మాత్రం విలువ లేకుండా పోయింది.

దుకాణాలు నడుస్తూనే ఉన్నాయి కదా అన్న మీ మాటకు కూడా ఇందులోనే జవాబుంది. బిగ్ బజార్ దుకాణాల్లో చాలా భాగం అద్దె భవనాల్లోనివి. కరోనా కాలంలో వ్యాపారం ఆగిపోయి ఫ్యూచర్ రిటైల్ అద్దెలు చెల్లించలేకపోయినప్పుడు భవన యజమానులు లీజులు రద్దు చేసుకున్నారు. అనేక చోట్ల రిలయన్స్ ఆ లీజులను తాను తీసుకొని మళ్లీ ఫ్యూచర్ రిటైల్‌కే ఉప అద్దెకు ఇచ్చింది. 2022 ఫిబ్రవరి చివర్లో ఆ ఉప అద్దెలను రద్దు చేసి వందలాది దుకాణాలను తన ఆధీనంలోకి తీసుకుంది. మీరు ఇప్పుడు చూస్తున్న స్మార్ట్ బజార్ ఆ విధంగా వచ్చిందే. మీరు కొన్న కంపెనీకి ఆ స్థలాలు ఎన్నడూ సొంతం కావు, అక్కడ కూర్చొని వ్యాపారం చేసే హక్కు మాత్రమే ఉండేది. అద్దె కట్టలేని రోజున ఆ హక్కూ పోయింది.

2020లో మీరు రెండోసారి కొన్న సందర్భం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలామంది చిన్న మదుపరులు అక్కడే మోసపోయారు, అదీ ఎవరూ అబద్ధం చెప్పకుండానే. 2020 ఆగస్టు 29న రిలయన్స్ రిటైల్ 24,713 కోట్ల రూపాయలకు ఫ్యూచర్ సంస్థల రిటైల్, హోల్‌సేల్, రవాణా, గిడ్డంగుల వ్యాపారాలను తీసుకుంటున్నట్టు ప్రకటించింది. అంత పెద్ద మొత్తం వినగానే అందులో తమకూ భాగం వస్తుందని మీవంటివారు అనుకోవడం సహజమే. కానీ ప్రకటన పూర్తిగా చదివితే తెలిసేది వేరు. రిలయన్స్ కొంటున్నది వ్యాపారాలను, వాటాదారుల చేతిలోని షేర్లను కాదు. ముందు ఫ్యూచర్ రిటైల్ మొదలైన కంపెనీలు ఫ్యూచర్ ఎంటర్‌ప్రైజెస్ అనే మరో కంపెనీలో విలీనం కావాలి, ఆ సంస్థ వ్యాపారాలను రిలయన్స్‌కు అమ్మాలి, ఆ సొమ్ములో ఎక్కువ భాగం అప్పులకే పోతుంది. మీబోటి వాటాదారులకు ప్రతి 10 ఫ్యూచర్ రిటైల్ షేర్లకు బదులు 101 ఫ్యూచర్ ఎంటర్‌ప్రైజెస్ షేర్లు వస్తాయి, నగదు రాదు. ఆ ఫ్యూచర్ ఎంటర్‌ప్రైజెస్ కూడా 2023లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

ఒప్పందం ముందుకు సాగకపోవడానికి కారణం మీకు తెలిసినదే. 2019లో అమెజాన్ సంస్థ ఫ్యూచర్ ప్రమోటర్ల (అంటే సంస్థను స్థాపించి నడిపినవారి) కంపెనీ అయిన ఫ్యూచర్ కూపన్స్‌లో 49 శాతం వాటా తీసుకుంది. ఆనాటి షరతుల ప్రకారం ఈ వ్యాపారాన్ని రిలయన్స్‌కు అమ్మకూడదంటూ సింగపూర్ మధ్యవర్తిత్వ కేంద్రానికి వెళ్లి 2020 అక్టోబరులో నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకుంది. 2021 ఆగస్టులో మన సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు ఇక్కడ చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఈ వ్యాజ్యాల నడుమ ఏడాదిన్నర గడిచింది. అద్దెలు, వడ్డీలు, సరుకు బకాయిలు అంతకాలం ఆగవు కదా. 2021 డిసెంబరు 31 నాటికి బ్యాంకులకు చెల్లించవలసిన 3,494 కోట్లను కంపెనీ చెల్లించలేకపోయింది. ఇద్దరు సంపన్నుల పోరులో నలిగిపోయామని చిన్న వాటాదారులు బాధపడడంలో న్యాయం ఉంది. ఆ పోరు లేకపోతే మీ డబ్బు దక్కేదని మాత్రం నేననలేను.

చివరకు 2022 ఏప్రిల్‌లో రిలయన్స్‌కు అమ్మే ఆ పథకం మీద ఓటింగ్ జరిగినప్పుడు వాటాదారుల్లో అత్యధికులు అనుకూలంగా వేశారు, తాకట్టు లేని రుణదాతలూ అనుకూలించారు. తాకట్టు ఉన్న రుణదాతల్లో అప్పు విలువ ప్రకారం 69 శాతానికి పైగా వ్యతిరేకించారు. ప్రతి వర్గంలోనూ 75 శాతం మద్దతు అవసరం కనుక పథకం అక్కడితో ముగిసింది. అప్పుల భారం ఆస్తుల విలువను మించిపోయిన కంపెనీలో నిర్ణయాధికారం యజమానుల నుంచి బ్యాంకులకు మారిపోతుందని చూపడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. మీరు మూడోసారి, 30 రూపాయల దగ్గర కొన్నది ఆ రోజుల్లోనే.

సగటు ధర గురించి మీరు రాసినది చాలా ఇళ్లలో వినిపించే మాట. మీ లెక్క చూడండి: మూడో కొనుగోలు వల్ల మీ సగటు ధర సుమారు 244 రూపాయల నుంచి 104కు తగ్గింది, అది నిజమే. పెట్టిన సొమ్ము మాత్రం 1,95,000 నుంచి 2,40,000కు పెరిగింది. తగ్గినది కాగితం మీద అంకె, పెరిగినది నష్టపోగల డబ్బు. కంపెనీ గట్టిగా ఉండి సంత మాత్రమే పడిపోయినప్పుడు ఈ పద్ధతికి కొంత అర్థముంటుంది. కంపెనీయే కూలుతున్నప్పుడు చవక అన్న మాటకు అర్థం లేదు, ఎందుకంటే 30 రూపాయలది 3 రూపాయలైనా, 3 రూపాయలది సున్నా అయినా ఆ రోజు కొన్నవాడికి పోయేది దాదాపు పెట్టుబడి అంతా. 2021లో డీహెచ్ఎఫ్ఎల్ అనే గృహ రుణాల సంస్థ విషయంలోనూ ఇదే జరిగింది. పిరమల్ సంస్థ తీసుకుంటోందన్న ఉత్సాహంతో జనం షేర్లు కొన్నారు, ట్రైబ్యునల్ ఆమోదించిన పథకంలో పాత షేర్ల విలువ సున్నా అని స్పష్టంగా ఉంది. కంపెనీని ఎవరో కొంటున్నారన్న వార్తకూ పాత షేర్లకు విలువ ఉంటుందన్న ఆశకూ మధ్య ఉన్న దూరాన్ని దయచేసి గుర్తుంచుకోండి.

ఇక కేసు విషయం. ఆ 5,000 రూపాయలు కట్టవద్దు. కంపెనీల చట్టంలో వాటాదారులు సామూహికంగా ఫిర్యాదు చేసే వీలు లేకపోలేదు. కానీ లిక్విడేషన్‌లో ఉన్న కంపెనీ మీద ట్రైబ్యునల్ అనుమతి లేకుండా కొత్త దావా నడవదు. నడిచి గెలిచినా రాబట్టిన సొమ్ము ఇందాక చెప్పిన వరుసలోనే పంచాలి. పాత యాజమాన్యం అక్రమంగా లావాదేవీలు చేసిందన్న అనుమానం ఉంటే వాటిని రద్దు చేయించి సొమ్ము వెనక్కి తెప్పించమని కోరే బాధ్యత చట్టం దివాలా నిపుణుడికీ, ఆస్తులను అమ్మి పంచే లిక్విడేటరుకూ అప్పగించింది. అలా వచ్చినదైనా ముందుగా రుణదాతలకే చెందుతుంది. అంటే మీరు చందా వేసుకొని గెలిచే పోరాటం ఏదీ మిగల్లేదు. పైగా నష్టపోయిన మదుపరుల జాబితాలు పట్టుకొని డబ్బు తిరిగి ఇప్పిస్తామని ఫోన్లు చేసే ముఠాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. మీ డీమ్యాట్ వివరాలు, ఓటీపీ, ఆధార్ ప్రతి ఎవరికీ ఇవ్వవద్దు. ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 సైబర్ నేరాల నంబరుకు ఫోను చేయండి. బ్రోకరు మీద నిజమైన ఫిర్యాదు, ఉదాహరణకు మీరు చెప్పని లావాదేవీ చేశాడని, ఉంటే షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ వారి స్కోర్స్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో పైసా ఖర్చు లేకుండా ఇవ్వవచ్చు. ధర పడిపోయిందన్న దానికి మాత్రం అక్కడ పరిహారం దొరకదు.

పన్ను సంగతి కొంచెం చెబుతాను. ధర పడిపోయినంత మాత్రాన ఆదాయపు పన్ను లెక్కలో అది నష్టం కాదు. అమ్మకమో, చట్టం దానితో సమానంగా చూసే మరో మార్పో జరిగినప్పుడే మూలధన నష్టంగా చూపగలరు. ఏడాదికి మించి ఉంచుకున్న లిస్టెడ్ షేర్ల నష్టాన్ని దీర్ఘకాలిక మూలధన లాభాల నుంచి మాత్రమే తీసివేయవచ్చు. మీ పింఛను మీదా, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మీదా తీసివేయడానికి వీల్లేదు. మిగిలిన నష్టాన్ని 8 సంవత్సరాలు ముందుకు తీసుకుపోవచ్చు గానీ, నష్టం వచ్చిన ఏడాది రిటర్నును గడువులోగా దాఖలు చేసి ఉండాలి. అమ్మడానికి వీల్లేని స్థితిలో ఉన్న మీ షేర్లను ఎప్పుడు, ఎలా నష్టంగా చూపాలన్నది మీ కాంట్రాక్టు నోట్లన్నీ (కొన్నప్పుడు బ్రోకరు ఇచ్చిన రసీదులు) ముందు పెట్టుకొని చార్టర్డ్ అకౌంటెంటును అడగవలసిన విషయం. నష్టం చూపించడం కోసం ఎవరో తెలియనివారికి మార్కెట్ బయట షేర్లు బదిలీ చేయమని సలహా ఇస్తే సమ్మతించకండి. మీకున్నది ఒక్కటే డీమ్యాట్ ఖాతా అయి, అందులోని షేర్ల విలువ 4 లక్షలకు మించకపోతే దాన్ని ప్రాథమిక సేవల ఖాతాగా మార్పించుకోండి, ఏటా నిర్వహణ చార్జీ పడదు.

మీ మిత్రుని సలహా నాకు అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించింది. పోయిన 2,40,000 తిరిగి రావాలన్న తొందరతో కొనే ఏ షేరైనా, అది ఎంత మంచిదైనా, తప్పు కారణానికి కొన్నట్టే. ఆ మిత్రుడు చెప్పిన కంపెనీ పేరు మీరు రాయలేదు, రాసినా నేను కొనమనో వద్దనో చెప్పను. కానీ దుకాణంలో జనం కనిపించడం కంపెనీ ఆరోగ్యానికి సాక్ష్యం కాదని ఇప్పుడు మీకు తెలుసు. ఈ వ్యాపారంలో వంద రూపాయల అమ్మకం మీద చివరకు మిగిలేది చాలా తక్కువ. అమ్మకం ఒక్క రెండు నెలలు ఆగితే అద్దెలూ జీతాలూ వడ్డీలూ ఆ మిగులును ఎప్పుడో దాటేస్తాయి.

ఫ్యూచర్ రిటైల్‌లో ప్రమాద సూచనలు ఎవరో దాచిపెట్టినవి కావు. 2001లో కోల్‌కతా, హైదరాబాద్, బెంగళూరులలో మొదటి బిగ్ బజార్లు తెరిచిన కిశోర్ బియానీ అప్పులు పెరిగి 2012లో పాంటలూన్స్ దుస్తుల వ్యాపారాన్ని ఆదిత్య బిర్లా సంస్థకు అప్పగించవలసి వచ్చింది. తరువాత మళ్లీ విస్తరణ మొదలైంది: భారతి సంస్థ ఈజీడే దుకాణాలు, 2016లో ఒప్పందం కుదిరిన మన హెరిటేజ్ ఫ్రెష్ 124 దుకాణాలు, 2017లో హైపర్‌సిటీ వచ్చి చేరాయి. హెరిటేజ్ ఫుడ్స్‌కు తన దుకాణాల బదులు అందినవి డబ్బు కాక ఫ్యూచర్ రిటైల్‌లో 3.65 శాతం వాటా కిందికి వచ్చే షేర్లే. ఇక ప్రమోటర్లు తమ షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకున్నారన్నది మూడు నెలలకోసారి ఎక్స్ఛేంజీలకు ఇచ్చే వివరాల్లో అందరూ చూసే సమాచారమే. 2020 మార్చిలో మార్కెట్ పడిపోగానే అప్పిచ్చినవారు ఆ తాకట్టు షేర్లను స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టారు, సంవత్సరం మొదట్లో 300 పైన ఉన్న ధర ఆ కొద్ది వారాల్లోనే వందకు దిగువకు జారింది.

కాబట్టి మిత్రుడు చెప్పిన కంపెనీ వార్షిక నివేదిక తెరిచి ప్రమోటర్ల వాటాలో ఎంత శాతం తాకట్టులో ఉందో ముందు చూడండి. లాభం అంకె పక్కనే వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చిన నగదు ఎంతో చూడండి. లాభం ఏటా పెరుగుతూ నగదు రాకపోతే సరుకు గోదాముల్లో పేరుకుపోతోందేమో, సరఫరాదార్ల బకాయిలు ఏడాదికేడాది సాగుతున్నాయేమో అనుమానించాలి. 2019 ఏప్రిల్ తరువాతి బ్యాలెన్స్ షీట్లలో అద్దె ఒప్పందాల భారం లీజు బాధ్యతల పేరుతో విడిగా కనిపిస్తుంది. దాన్ని బ్యాంకు అప్పులతో కలిపి చదవండి. ఆడిటరు మధ్యలో తప్పుకొన్నా, నివేదికలో అభ్యంతరం రాసినా అక్కడితో ఆ పుస్తకం మూసేయండి. ఇవన్నీ చదివే ఓపిక లేదనుకుంటే అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు, అప్పుడు విడి షేర్ల జోలికి పోకుండా ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటిలో పెట్టే మ్యూచువల్ ఫండ్) కొద్దికొద్దిగా వేసుకోవడం మీ వయసుకూ మీ నిద్రకూ మేలు. ఏ దారి పట్టినా ఒక్క కంపెనీ కూలితే మీ మొత్తం పొదుపులో ఇరవయ్యో వంతుకు మించి పోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. వైద్యానికీ ఇంటి ఖర్చులకూ కనీసం మూడేళ్లకు సరిపడేంత బ్యాంకు డిపాజిట్లలోనో, ప్రభుత్వ సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలోనో పెట్టిన తరువాతే ఆ లెక్క మొదలుపెట్టాలి.

మీ శ్రీమతికి చెప్పలేదన్నారు. చెప్పండి, ఈ వారంలోనే చెప్పండి. పొదుపు మీ ఇద్దరిదీ, ఆమెకు తెలుసుకునే హక్కుంది. అంతకంటే ముఖ్యంగా, దాచిన నష్టమే మనిషిని రహస్యంగా మళ్లీ పందెం కాయిస్తుంది. ఇంట్లో తెలిసిపోయేలోగా పూడ్చాలన్న ఆత్రం లేకపోతే 2022లో ఆ 45,000 రూపాయలు పెట్టేవారా అని మీరే ఆలోచించుకోండి. చెప్పేటప్పుడు ఎంత పోయిందో పూర్తి మొత్తం చెప్పండి, తగ్గించి చెప్పవద్దు. పింఛను ఎంత వస్తోంది, డిపాజిట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ ఖాతాకు ఎవరు నామినీ అన్నవి కూడా అదే రోజు ఇద్దరూ కూర్చొని ఒక కాగితం మీద రాసుకోండి. వాట్సాప్ గ్రూపు నుంచి మాత్రం ఈరోజే బయటకు వచ్చేయండి.